పాత కార్డ్‌లెస్ డ్రిల్‌కి చక్ మార్చుకోవచ్చా? లోపలి స్క్రూ ఎందుకు కదలడం లేదు?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. పదేళ్లు దాటిన 14.4 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్. బ్యాటరీ ఇంకా బాగానే నిలబడుతోంది. కానీ చక్‌ని, అంటే డ్రిల్ మూతి దగ్గర బిట్‌ని పట్టుకునే భాగాన్ని, ఎంత బిగించినా బిట్ జారిపోతోంది, తిరిగేటప్పుడు కొన ఊగుతోంది. చక్ లోపల అడుగున ఉన్న స్క్రూ విప్పబోతే కదల్లేదు, బలం పెడితే దాని తల కాస్త చెడింది. సర్వీస్ సెంటర్‌లో పార్టులు రావట్లేదు, కొత్త మిషన్ తీసుకోండి అన్నారు. చక్ ఒక్కటే మార్చుకోవచ్చా, మార్చితే ఏది కొనాలి, కీతో బిగించే రకం వేస్తే మంచిదా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మార్చుకోవచ్చు. ఇంట్లోనే మార్చుకోవచ్చు. సరైన స్క్రూడ్రైవర్, 10 మి.మీ. ఎలెన్ కీ (ఎల్ ఆకారంలో వంగిన ఆరుకోణాల కడ్డీ), ఒక మోస్తరు సుత్తి ఉంటే పని అయిపోతుంది. మీరు ఇరుక్కుపోయిన చోటికి జవాబు ఇది: ఆ స్క్రూ ఎడమ మర. దాన్ని విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపుకే, అంటే మామూలు స్క్రూని బిగించే వైపుకే తిప్పాలి. మీరు విప్పుతున్నాననుకుని ఇంకా బిగించారు, అందుకే కదల్లేదు. అది బయటికొచ్చాక చక్ మాత్రం మామూలు కుడి మరే, మామూలుగానే ఊడుతుంది.

సర్వీస్ సెంటర్ వాళ్లు అబద్ధం చెప్పారని నేననను. మీ మోడల్ పేరుతో, ఆ కంపెనీ పార్ట్ నంబర్‌తో వచ్చే చక్ ఆగిపోయి ఉండొచ్చు. కానీ చక్ కంపెనీకో రకంగా ఉండే వస్తువు కాదు. జపాన్ కంపెనీ అయినా జర్మనీ కంపెనీ అయినా, ఎక్కువ డ్రిల్స్‌లో స్పిండిల్ (మోటారు తిప్పే, చక్ ఎక్కే కడ్డీ) మర ఒకటి రెండు కొలతల్లోనే ఉంటుంది. బండికి టైరు ఎలాగో డ్రిల్‌కి చక్ అలాగ, అరిగేది, మార్చుకునేది. చక్ పోయిందని మంచి గేర్‌బాక్స్ ఉన్న మిషన్‌ని పాత ఇనుప సామాన్లకి వేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎడమ మర ఎందుకు పెట్టారో తెలిస్తే మళ్లీ ఎప్పుడూ తికమక పడరు. చక్ స్పిండిల్ మీద నట్టులా ఎక్కి ఉంటుంది. ముందుకు తిరిగి రంధ్రం వేస్తున్నంతసేపు ఆ పని ఒత్తిడికే చక్ ఇంకా బిగుసుకుంటుంది. రివర్స్‌లో పెట్టి స్క్రూలు విప్పేటప్పుడు అదే చక్ ఊడే వైపుకి లాగుతుంది. అప్పుడు చక్ అడుగున ఉన్న స్క్రూ తల కూడా చక్‌తోపాటే ఆ వైపుకి లాగబడుతుంది. స్క్రూ కుడి మరైతే రెండూ కలిసి ఊడి వచ్చేస్తాయి. ఎడమ మరైతే చక్ ఊడాలని చూసినకొద్దీ స్క్రూ బిగుసుకుని దాన్ని ఆపుతుంది. రివర్స్ లేని చాలా పాత డ్రిల్స్‌లో ఈ స్క్రూ ఉండకపోవడానికి కారణం కూడా ఇదే.

కొత్త చక్ కొనే ముందు, చెడింది చక్కేనా అని తేల్చుకోండి. ఇది దాటేసి డబ్బు పెట్టినవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. కూకట్‌పల్లి వైపు మాడ్యులర్ కిచెన్ పనులు చేసే ఒక కార్పెంటర్ తన 18 వోల్టుల మిషన్‌కి కొత్త చక్ వేయించుకుని, అయినా ఊగుతోందని తెచ్చాడు. చక్‌ని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే, చక్‌తోపాటు వెనక స్పిండిల్ కూడా "టక్ టక్" మని కదిలింది. అరిగింది స్పిండిల్ బేరింగ్. పాత చక్‌కి ఏ లోపమూ లేదు. "అన్నా, ఇంతకుముందే ఇక్కడికి తెచ్చుంటే ఒక్క బేరింగ్‌తో పోయేది" అని అతనే అన్నాడు.

మీరు చేయాల్సింది కూడా అదే. బ్యాటరీ తీసేసి, డ్రిల్ ఒంటిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని చక్‌ని పక్కలకి ఆడించండి. స్పిండిల్‌తో సహా ఊగితే బేరింగ్ సమస్య. స్పిండిల్ కదలకుండా చక్ మాత్రమే వదులుగా ఆడితే, అది సరిగ్గా బిగుసుకోలేదన్నమాట, తీసి శుభ్రం చేసి మళ్లీ ఎక్కిస్తే సరిపోవచ్చు. రెండూ గట్టిగా ఉండి బిట్ కొన మాత్రమే ఊగుతుంటే, ఇంకో బిట్ పెట్టి చూడండి. బిట్‌ని గాజు పలక మీద దొర్లిస్తే వంకర వెంటనే తెలిసిపోతుంది. వంగిన బిట్ వల్ల చక్‌కి చెడ్డపేరు రావడం రోజూ చూస్తున్నదే.

ఇక జారడం. చక్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి. బిట్‌ని పట్టుకునే మూడు దవడల లోపలి అంచు పైనుంచి కిందిదాకా ఒకేలా సన్నగా, పదునుగా ఉండాలి. మూతి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల మేర గుండ్రంగా అరిగి, అక్కడ మాత్రమే తళతళలాడుతుంటే అవి బిట్‌ని లోపలివైపు మాత్రమే పట్టుకుంటున్నట్టు. ముందు భాగానికి ఆధారం ఉండదు కాబట్టి బిట్ జారుతుంది, కొన కూడా ఊగుతుంది. మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిసి వచ్చాయి కాబట్టి నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. ఇలా అరిగినదానికి మరమ్మతు లేదు, మార్చడమే.

అయితే దవడలు బాగానే ఉండి, లోపలంతా బూడిదరంగు ముద్దలా ఉంటే ఆగండి. మన ఇళ్లలో స్లాబ్‌కి, గోడ పైభాగానికి రంధ్రాలు ఎక్కువ వేస్తాం. తల పైకెత్తి వేసేటప్పుడు సిమెంటు పొడి నేరుగా చక్ నోట్లో పడుతుంది. అందులో ఎవరో ఒకరు గ్రీజో, వంటనూనో పోసి ఉంటారు. రెండూ కలిసి పేస్టులా గట్టిపడి దవడలని పూర్తిగా ముందుకి రానివ్వవు. అలాంటప్పుడు డ్రిల్‌ని మూతి కిందికి వచ్చేలా పట్టుకుని, కిరసనాయిలో డబ్ల్యూడీ-40యో కొద్దిగా కొట్టి, చక్‌ని పూర్తిగా తెరుస్తూ మూస్తూ ఉండండి. పాత టూత్‌బ్రష్‌తో దవడల మధ్య రుద్దండి. మురికి రావడం ఆగాక గుడ్డతో పొడిగా తుడిచేయండి. గ్రీజు మాత్రం పెట్టకండి, మళ్లీ పొడిని పట్టుకునేది అదే. ఇంతటితో బాగుపడిన చక్‌లు నా చేతిమీదుగా చాలానే వెళ్లాయి.

మార్చాల్సిందే అని తేలిందనుకుందాం. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ తీసి దూరంగా పెట్టండి. చక్‌లో ఎలెన్ కీ ఉండగా ట్రిగ్గర్ నొక్కుకుంటే వేళ్లు విరుగుతాయి.

చక్‌ని పూర్తిగా తెరిస్తే అడుగున స్క్రూ తల కనిపిస్తుంది. కొన్నిటిలో ప్లస్ గుర్తు, కొన్నిటిలో ఆరు కోణాల నక్షత్రం ఉంటుంది. నక్షత్రానికి ఎక్కువగా టీ-25 గానీ టీ-30 గానీ పడుతుంది. ప్లస్ అయితే దానికి సరిగ్గా కూర్చునే పెద్ద సైజు, పొడవాటి స్క్రూడ్రైవరే వాడండి. చిన్నది పెడితే తల చెడుతుంది. పైనుంచి బాగా నొక్కిపెట్టి, గడియారం దిక్కుకి తిప్పండి. స్క్రూడ్రైవర్ పిడి మీద సుత్తితో రెండు మూడు దెబ్బలు వేసి, తర్వాత తిప్పితే ఇంకా తేలిగ్గా వస్తుంది.

తయారీలో ఈ స్క్రూకి మర అంటించే జిగురు పూస్తారు. బయటికొచ్చిన స్క్రూ మీద నీలం రంగో ఎరుపు రంగో పొడి కనబడితే అదే. నీలం మామూలు పట్టుకి వస్తుంది. ఎరుపు గట్టిది, వేడి చేస్తే తప్ప మెత్తబడదు, అదీ 250 డిగ్రీల దరిదాపుల్లో. బ్లో ల్యాంప్ పెడితే వెనక ఉన్న ప్లాస్టిక్ గేర్‌బాక్స్ ముందు కరుగుతుంది. నేను వాడే పద్ధతి సోల్డరింగ్ ఐరన్. దాని కొనని స్క్రూ తల మీదే కాసేపు ఆనించి ఉంచితే వేడి ఎక్కువభాగం స్క్రూలోకే పోతుంది. తర్వాత ఆలస్యం చేయకుండా తిప్పాలి.

మీ స్క్రూ తల ఇప్పటికే కాస్త చెడింది అన్నారు. టెన్షన్ పడకండి. ఇంకో డ్రిల్ అప్పు తెచ్చుకుని, స్క్రూ తల మధ్యలో, మామూలు లోహపు బిట్‌తో నెమ్మదిగా రంధ్రం వేయండి. ఎడమ మర ఇక్కడ మీకు కలిసొస్తుంది. బిట్ తిరిగే వైపే స్క్రూ ఊడే వైపు కూడా. సగం సందర్భాల్లో బిట్ పట్టుకున్న వెంటనే స్క్రూ దానంతటదే తిరుగుతూ పైకి వస్తుంది. రాకపోతే తల తెగిపోయేదాకా వేయండి. తల పోయాక స్క్రూ చక్‌ని ఆపలేదు. చక్ ఊడాక, స్పిండిల్‌లోంచి బయటికి కొంచెం పొడుచుకొచ్చిన స్క్రూ ముక్కని గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుని గడియారం దిక్కుకే తిప్పి తీసేయొచ్చు. షాపుల్లో దొరికే మరలున్న స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ మాత్రం దీనికి వాడకండి. అది కుడి మర స్క్రూల కోసం చేసింది, దీన్ని ఇంకా లోపలికి బిగిస్తుంది.

ఇప్పుడు చక్. చాలామంది దీన్ని బలంతో తీయాలని చూస్తారు. పనిచేసేది బలం కాదు, చిన్న చురుకైన దెబ్బ.

డ్రిల్‌ని ఒకటో గేరులో పెట్టండి. క్లచ్ రింగుని, అంటే చక్ వెనక అంకెలున్న రింగుని, డ్రిల్ బొమ్మ దగ్గరికి తిప్పండి, లేకపోతే దెబ్బ వేసినప్పుడు క్లచ్ కిటకిటమని జారిపోతుంది. 10 మి.మీ. ఎలెన్ కీ పొట్టి వైపుని చక్‌లో పెట్టి, మూడు దవడలూ దాని చదును ముఖాల మీద కూర్చునేలా బాగా బిగించండి. డ్రిల్‌ని బల్ల అంచున పెట్టి, వెనకవైపు నుంచి, అంటే వాడేటప్పుడు మనం చూసే వైపు నుంచి చూడండి. ఎలెన్ కీ పొడవు చెయ్యి మీ కుడివైపుకి అడ్డంగా ఉండాలి. ఆ చెయ్యి చివర సుత్తితో పైనుంచి కిందికి టక్కున ఒక్క దెబ్బ. చాలావరకు ఒకటి రెండు దెబ్బలకే పట్టు వదులుతుంది, తర్వాత చేత్తోనే తిరిగి వచ్చేస్తుంది.

ఒకటో గేరే ఎందుకంటే, ఆ గేరులో స్పిండిల్ ఒక చుట్టు తిరగాలంటే లోపల మోటారు చాలా చుట్లు తిరగాలి. దెబ్బ తగిలిన ఆ క్షణంలో మోటారు అంత వేగం అందుకోలేదు. అందుకే స్పిండిల్ నిలబడిపోయి చక్ ఒక్కటే కదులుతుంది. మెల్లగా, పైపు తొడిగి లాగితే ఆ లాభం పోతుంది, బలమంతా గేరు పళ్ల మీద, ప్లాస్టిక్ ఒంటి మీద పడుతుంది. ఖమ్మం నుంచి ఒకాయన ఇలాగే ఎలెన్ కీకి రెండడుగుల జీఐ పైపు తొడిగి లాగితే, చక్ రాలేదు గానీ గేర్‌బాక్స్ ముందున్న స్క్రూ బుడిపెలు నాలుగూ విరిగి వచ్చాయి. పాత ప్లాస్టిక్ ఎండిపోయి పెళుసుగా ఉంటుంది. దానితో మొరటుగా ఉండకూడదు.

ఐదారు దెబ్బలకీ రాకపోతే ఇంకా గట్టిగా కొట్టకండి. ఎలెన్ కీ స్థానంలో అదే మందం ఉన్న ఆరుకోణాల కడ్డీ ముక్క చక్‌లో బిగించి, దానికి సాకెట్ తొడిగి, ఇంపాక్ట్ రెంచ్‌తో రివర్స్‌లో కాసేపు కొట్టించండి. టైర్లు విప్పే బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ ఇప్పుడు చాలా పంక్చర్ షాపుల్లో ఉంటోంది, అడిగితే ఐదు నిమిషాల పని. గ్రైండర్ పెట్టి చక్‌ని కోయడం అన్నిటికన్నా ఆఖరి దారి. అంతదాకా వస్తే మోటారు గాలి రంధ్రాలన్నిటికీ టేపు వేయండి. లోపల అయస్కాంతాలు ఉంటాయి, ఇనుప రజను పోయి వాటికి అంటుకుంటే మళ్లీ తీయడం కష్టం.

ఒక్క హెచ్చరిక. కొన్ని చిన్న 10.8, 12 వోల్టుల మోడల్స్‌లో చక్ స్పిండిల్‌తో కలిసే ఒకే ముక్కగా వస్తుంది, లేదా ఆరుకోణాల మూతి మీద క్లిప్‌తో తగిలి ఉంటుంది. అడుగున స్క్రూ లేకపోయినా, చక్ వెనక మర జాడ కనబడకపోయినా సుత్తి తీయకముందు ఆ మోడల్ పార్టుల బొమ్మ ఒకసారి చూసుకోండి. మీ దాంట్లో స్క్రూ ఉంది కాబట్టి ఈ భయం లేదు.

ఏ చక్ కొనాలి? మీ ప్రశ్నలో నేను ఎక్కువ సమయం పెట్టాలనుకున్నది ఇక్కడే, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

షాపుకి వెళ్లి "13 ఎంఎం చక్ ఇవ్వండి" అంటారు. 13 ఎంఎం అంటే ఆ చక్ పట్టుకోగల పెద్ద బిట్ మందం మాత్రమే. అది స్పిండిల్ మీద ఎక్కుతుందో లేదో ఆ అంకె చెప్పదు. మీకు రెండో అంకె కావాలి, వెనక మర కొలత. కార్డ్‌లెస్ డ్రిల్స్‌లో ఎక్కువగా కనబడేవి రెండు. ఒకటి 1/2-20, అంటే అర అంగుళం మందం, అంగుళానికి 20 మరలు. రెండోది 3/8-24. హార్డ్‌వేర్ షాపు భాషలో మొదటిది నాలుగు సూతులు, రెండోది మూడు సూతులు (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). ఈ అంకెలు పాత చక్ ఒంటి మీద, వెనక అంచు దగ్గరో రింగు మీదో చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటాయి. మురికి తుడిచి చూడండి. 10 మి.మీ. చక్‌లు రెండు మరల్లోనూ వస్తాయి కాబట్టి చిన్న చక్ అనగానే మూడు సూతులే అనుకోవడానికి లేదు.

అంకెలు చెరిగిపోతే స్పిండిల్ మందాన్ని వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత పరికరం) కొలవండి. నాలుగు సూతులదైతే 12.7 మి.మీ.కి కాస్త తక్కువ వస్తుంది, మూడు సూతులదైతే 9.5 దరిదాపుల్లో. సరిగ్గా 12కి కాస్త తక్కువ వస్తే ఆగండి, అది మిల్లీమీటర్ల లెక్క మర, ఎం12. దాని మరల మధ్య దూరం 1.25 మి.మీ., నాలుగు సూతులదానికి 1.27. రెండూ ఎంత దగ్గరంటే, అర అంగుళం చక్ ఎం12 స్పిండిల్ మీద హాయిగా ఎక్కేస్తుంది. సరిపోయిందనిపిస్తుంది. కానీ లోపల మరకీ మరకీ మధ్య సందు ఉంటుంది, ఎప్పటికీ సూటిగా కూర్చోదు, బరువు పడ్డ రోజు మరలు కొరుక్కుపోతాయి. అందుకే పాత చక్‌ని చేత్తో పట్టుకెళ్లడం కన్నా మంచి కొలత లేదు. మీరు హైదరాబాద్‌లో ఉంటే రాణిగంజ్ మిషనరీ షాపుల్లో రెండు రకాలూ చూపిస్తారు. ఆన్‌లైన్‌లో కొంటే వివరాల్లో మర కొలత రాయని చక్ జోలికి పోవద్దు.

మూడు సూతుల స్పిండిల్ ఉన్న చిన్న డ్రిల్‌కి అడాప్టర్ పెట్టి 13 మి.మీ. చక్ వేసుకోవచ్చు కదా అని అడుగుతుంటారు. ఎక్కుతుంది. కానీ పొడవు పెరిగి బేరింగ్ మీద బరువు పడుతుంది, పెద్ద చక్ ఉంది కదా అని పెద్ద బిట్ పెడతారు, మోటారు కాలుతుంది. చిన్న డ్రిల్‌కి చిన్న చక్కే.

ఇంకో సంగతి, పాత డ్రిల్స్‌కి ఇది ముఖ్యం: చక్‌కి రింగులు ఒకటా, రెండా? ఈ రోజుల్లో వచ్చే డ్రిల్స్‌లో ట్రిగ్గర్ వదలగానే స్పిండిల్ లోపల తాళం పడుతుంది. అందుకే ఒక్క చేత్తో ఒకే రింగు తిప్పితే చక్ బిగుస్తుంది. పాతవాటిలో చాలావాటికి ఆ తాళం లేదు. వాటి చక్‌కి రెండు రింగులు ఉంటాయి, వెనకది ఒక చేత్తో పట్టుకుని ముందుది రెండో చేత్తో తిప్పాలి. అలాంటి డ్రిల్‌కి ఒకే రింగున్న కొత్త చక్ వేస్తే, రింగు తిప్పినప్పుడల్లా స్పిండిల్ కూడా తిరిగిపోతుంటుంది, బిగించడానికి పట్టు దొరకదు. అప్పుడు జనం చేసే పని రింగుని అరచేత్తో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కడం. అది చేతికీ మంచిది కాదు, చక్‌కీ మంచిది కాదు. నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి ఒక డ్రిల్ ఇలాగే కొత్త చక్‌తో నా బల్ల మీదికి వచ్చింది. చక్ మంచిది, మరా సరిపోయింది, కానీ రింగు ఒకటే. రెండు రింగులది వేసి పంపాను.

మీ డ్రిల్‌లో తాళం ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. బ్యాటరీ తీసి చక్‌ని మొత్తంగా చేత్తో తిప్పండి. కొంచెం కదిలి ఠక్కున ఆగితే తాళం ఉన్నట్టు, ఏ రకమైనా వేసుకోవచ్చు. మోటారు గుర్రుమంటూ తిరుగుతూ పోతే తాళం లేదు, రెండు రింగులదే కొనండి.

మీది గోడకి కొట్టే హ్యామర్ మోడ్ ఉన్న డ్రిల్ అయితే, హ్యామర్‌కి పనికొస్తుందని రాసి ఉన్న చక్కే తీసుకోండి. మామూలుది ఆ దెబ్బలకి త్వరగా వదులవుతుంది. ఒళ్లంతా ప్లాస్టిక్ కనబడేవాటికన్నా, దవడలు, వెనక భాగం గట్టి లోహంతో ఉండి చేతికి బరువుగా తగిలేది మేలు. ఊరూ పేరూ లేని చక్‌కి కొన్ని వందల రూపాయలు, పేరున్నదానికి ఇంకాస్త ఎక్కువ అవుతుంది. రోజూ పనిచేసే మిషన్ అయితే ఆ ఇంకాస్త పెట్టండి. చవక చక్ కొత్తగా ఉన్నప్పుడే వంకరగా తిరగడం నేను చాలాసార్లు చూశాను.

బిగించడానికి ఎక్కువ చెప్పాల్సింది లేదు. స్పిండిల్ మరలని వైరు బ్రష్‌తో తుడిచి, పాత జిగురు పొడి పోగొట్టండి. కొత్త చక్‌ని చేత్తోనే తిప్పుతూ ఎక్కించండి, మొదటి చుట్టు నుంచీ తేలిగ్గా తిరగాలి. గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా వెనక్కి తీసి మళ్లీ సూటిగా పెట్టండి. పూర్తిగా కూర్చున్నాక ఎలెన్ కీ పెట్టి, ఈసారి చెయ్యి ఎడమవైపు ఉండేలా చూసి పైనుంచి ఒక్క మోస్తరు దెబ్బ. స్పిండిల్ మర మీద జిగురు పూయొద్దు, అవసరం లేదు, రేపు విప్పేవాళ్లకి నరకం. స్క్రూకి మాత్రం నీలం రకం ఒక్క చుక్క. గడియారానికి ఎదురు దిక్కుకి తిప్పి బిగించండి.

స్క్రూ పొడవు గమనించండి. కొత్త చక్ అడుగు మందం పాతదానికన్నా తక్కువైతే పాత స్క్రూ కొన స్పిండిల్ రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోతుంది, తల చక్‌ని నొక్కదు. బిగిసినట్టే ఉంటుంది, రివర్స్‌లో పెట్టగానే చక్ ఊడుతుంది. బిగించాక టార్చ్ వేసి, తల చక్ అడుగుని ఆనుకుందో లేదో చూడండి. తల చెడ్డ స్క్రూని మళ్లీ వాడకండి. చక్‌తోపాటు వచ్చేది మీ స్పిండిల్‌కి సరిపోకపోతే, పాతదాన్ని చూపించి అదే మందం, అదే పొడవు ఉన్న లెఫ్ట్ థ్రెడ్ స్క్రూ అడగండి. ఎం5, ఎం6 ఎక్కువగా వాడతారు.

ఇంత శ్రమ ఎప్పుడు దండగంటే, గేర్‌బాక్స్ ఏ గేరులోనైనా గరగరమంటుంటే, స్విచ్ ఒక్కోసారి పట్టి ఒక్కోసారి వదిలేస్తుంటే, బ్యాటరీ నాలుగు స్క్రూలకే చేతులెత్తేస్తుంటే. ఈ మూడింటిలో రెండు ఉంటే చక్ మీద డబ్బు పెట్టకండి. మీ బ్యాటరీ బాగుంది, మోటారు గురించి మీరేమీ ఫిర్యాదు రాయలేదు. నేనైతే ఈ డ్రిల్‌ని తప్పకుండా బాగుచేసుకుంటాను.

చివరగా మీ మూడో ప్రశ్న, కీ చక్. మూడు దవడలతో ఉండే ఈ చక్ 1902లో ఆర్థర్ జేకబ్స్ పేటెంట్ తీసుకున్న రూపానికి వారసురాలు, ఇప్పటికీ దాని పట్టుకి తిరుగు లేదు. ఇనుము మీద 8, 10 మి.మీ. రంధ్రాలు ఎక్కువ వేసేవాళ్లకి, గోడ పని ఎక్కువున్నవాళ్లకి నేను అదే చెప్తాను. స్పిండిల్ తాళం లేని పాత డ్రిల్‌కి కూడా అది సులువైన దారి. కానీ స్క్రూలు బిగించడానికి, నిమిషానికోసారి బిట్ మార్చడానికి వాడేవాళ్లకి విసుగు, పైగా బరువు. కొనేటప్పుడు ఒకటి తప్పనిసరిగా చూడండి: చక్ అడుగున స్క్రూ పోవడానికి రంధ్రం ఉందా లేదా. రివర్స్ లేని మిషన్ల కోసం చేసిన కొన్ని కీ చక్‌లకి ఆ రంధ్రం ఉండదు. అది మీ డ్రిల్‌కి వేస్తే రివర్స్‌లో ఊడి చేతికొస్తుంది. బిగించేటప్పుడు కీని మూడు రంధ్రాల్లోనూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి బిగించండి. ఒక్కచోటే బిగించి వదిలేస్తే పట్టు పూర్తిగా రాదు.

పాత చక్ తుడిచాక దాని మీద ఏ అంకెలు కనబడ్డాయో, రింగులు ఒకటో రెండో, స్క్రూ తల ఇప్పుడెలా ఉందో ఇక్కడే రాయండి. స్పిండిల్ కొలిచి ఉంటే ఆ అంకె కూడా. ఏ చక్ అడగాలో, స్క్రూకి ఏ దారి పట్టాలో కచ్చితంగా చెప్తాను.